మూత వేసిన ట్రే

"లచ్చయ్య దొంగ గాదు మనాలీ. గని ఉరికిండు. రెండూ నిజమే."

ఈ మాట అన్నది బాలనర్సయ్య మామ. అంటూనే రెండు జొన్నరొట్టెలు పొట్లం కట్టమని శాంతాబాయికి చేత్తో సైగ చేశాడు. బొంబాయి కామాటిపురాలో ఆమె మెస్సు మధ్యాహ్నం ఒంటిగంటకు ఎలా ఉంటుందో అలాగే ఉంది. మూలబల్ల మాకు వదిలేసి జనం అటు తిరిగి తింటున్నారు, చెవులు మాత్రం ఇటే వేసి.

మనుషుల్ని వెతకడం నా వృత్తి. పెళ్లిసంబంధాల వాకబులూ, ఇన్సూరెన్స్ కూపీలూ నాకు తిండి పెడతాయి. ఈ గల్లీలోనే పుట్టి పెరిగినదాన్ని కనుక, మనిషి కనబడటం లేదని ఎవరైనా తలుపు కొడితే మాత్రం కాదనలేను. ఆ పొద్దున తలుపు కొట్టింది మల్లమ్మ. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి మొగుడితో కలిసి పనికి వచ్చిన మనిషి. మొగుడు లచ్చయ్య మా గల్లీ వెనక, వరస గదుల పాత చాళ్లు కూల్చినచోట లేస్తున్న కొత్త టవర్‌లో కేబుల్ ట్రేలు బిగిస్తాడు. కరెంటు తీగలు పరుచుకుని నడిచే ఇనుప దారులన్నమాట. శనివారం సాయంత్రం బేస్‌మెంట్‌లో పనుందని వెళ్లాడు. మంగళవారం వచ్చింది, మనిషి రాలేదు. అతనితోపాటు రాగి కేబుల్ కూడా మాయమైందని బిల్డర్ మనుషులు అంటున్నారు.

లచ్చయ్యను పనిలో పెట్టింది బాలనర్సయ్య మామ, ఆ టవర్ పనికి మేస్త్రీ కూడా ఆయనే. మూడు తరాల నుంచి పాలమూరు కూలీలను బొంబాయికి తెచ్చే ఇల్లు వాళ్లది. గల్లీలో పెళ్లయినా, చావయినా, ముందు వరసలో ఆయన ఉండాల్సిందే. అందుకే నా ప్రశ్నలు ఆయనతోనే మొదలుపెట్టాను.

"ఉరికిండని ఎవరు చూసిన్రు మామా?"

"చూసుడెందుకు? ఫోను బంద్. ఉండే ఖోలీకి రాలే. కేబుల్ లేదు. ఇంకేం గావాలె?"

"శనివారం సాయంత్రం నువ్వు ఆడ లేవా?"

"ఉన్న. ఆరింటికి బయటికొచ్చిన. గప్పటికి గాడు పనిల్నే ఉన్నడు. గంతే. మళ్ల నేను ఆ బేస్‌మెంట్ల కాలు వెట్టలే. నా మోకాళ్లకు ఆ మెట్లు పడయ్ బిడ్డా."

నీళ్లగ్లాసు అందుకుంటుంటే చొక్కా చేయి పైకి జరిగింది. కుడి మణికట్టు చుట్టూ ఎండ తగలని చర్మం తెల్లగా పట్టీలా కనిపించింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అక్కడ తుల్జాపూర్ అమ్మవారి గుడి నుంచి తెచ్చుకున్న ఎర్ర-పసుపు దారం వరసలు వరసలుగా చుట్టి ఉండేది.

"దారమేది మామా?"

"పాతదాయె. తెగిపోయింది," అని చొక్కా కిందికి లాక్కున్నాడు.

అప్పటిదాకా కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్న మల్లమ్మ ఒక్కసారిగా నా చేయి పట్టుకుంది. "అక్కా, ఉరకలే. నా మొగుడు కంకణం ఇప్పకుండ యాడికి పోడు."

"ఏం కంకణం?"

"పని షురూ జేసిన నాడు మావోళ్లు మొదటి ట్రేకు పసుపుకొమ్ము కడ్తరు. ఈసారి నా మొగుడే కట్టిండు, నిచ్చెన ట్రే మెట్టుకు. పని అయినంక కట్టినోడే ఇప్పాలె. ఇప్పకుండ ఊరు దాటొద్దు. మా దగ్గర గది శానా గట్టి నేమం."

"కట్టినోడు మధ్యలో పోతే?" నా నోటికి అడ్డూ అదుపూ ఉండదు. అడిగాక నాలుక కరుచుకున్నాను.

మల్లమ్మ కళ్లు నిండాయి. అయినా జవాబు చెప్పింది. "సచ్చిపోతే మేస్త్రీ ఇప్పి నీళ్లల్ల కలుపుతడు. బతికుంటే మాత్రం ఎవ్వలూ తెంపొద్దు. తెంపినోని ఇల్లు ఆరిపోతదంటరు."

బాలనర్సయ్య మామ పళ్లెంలోకి చూస్తూ చపాతీ ముక్కను పప్పులో తిప్పుతున్నాడు. నోట్లో పెట్టుకోలేదు.

అంతలో కోడి కూసింది. మెస్సులో జనమంతా తిరిగి చూశారు. మల్లమ్మ ఫోను అది. ఊళ్లో ఆమె కొడుకు రింగ్‌టోన్‌గా పెట్టి ఇచ్చిన కూత. పాపం, సిగ్గుపడుతూ గబగబా నొక్కేసింది. ఊరి నుంచి అత్త చేసింది, లచ్చయ్య దొరికాడా అని అడగడానికి.

"వర్లిల లచ్చయ్య తమ్ముడు అనిల్ ఉంటడు," అన్నాడు మామ లేస్తూ. "గాడికి ఎర్కుండొచ్చు. నువ్వు ఆడికి పొయ్యి అడుగు బిడ్డా. మల్లమ్మను నేను చూస్కుంట. నా ఇంటి ఆడబిడ్డ లెక్కనే."

సరేనన్నాను. రొట్టెల పొట్లం చంకలో పెట్టుకుని ఆయన, ఆయన వెనక మల్లమ్మ వెళ్లిపోయారు.

గ్రాంట్ రోడ్ స్టేషన్ మెట్ల దాకా వెళ్లాను. అక్కడ నా కాళ్లు ఆగిపోయాయి. వర్లి ఎక్కడికీ పోదు. కంకణం మాత్రం ఈ సాయంత్రం దాకానే కళ్లబడుతుంది. అయిదింటికి బేస్‌మెంట్‌లో కరెంటు ఇస్తారనీ, ఆ తర్వాత ఆ తలుపుకు తాళం పడుతుందనీ పొద్దున మల్లమ్మే చెప్పింది. వెనక్కి తిరిగాను.

*

రెండింటికి టవర్‌లో భోజనాల విరామం. గేటు దగ్గర కాపలావాడు అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. పక్కనుంచి దూరి బేస్‌మెంట్ మెట్లు దిగాను. ఇరవై అడుగులు వేశానో లేదో వెనక నుంచి టార్చి వెలుగు వీపు మీద పడింది.

"మనాలీ మేడమ్ వాసన పట్టేశారే!" మరాఠీలో అన్నాడు స్వప్నిల్.

సరుకు బయటికి పోకుండా కన్నేసి ఉంచడానికి బిల్డర్ పెట్టుకున్న డిటెక్టివ్ వీడు. పుట్టింది నాకు రెండు గల్లీల అవతల, తెలుగువాళ్లింట్లో. నాయనమ్మ చేతి ముద్దలు తిని పెరిగినవాడు, పెద్దయ్యాక ఇంటిపేరు కొసను కత్తిరించేసి మరాఠీవాడైపోయాడు. తెలుగులో పలకరిస్తే వినబడనట్టు నటిస్తాడు. అందుకే వీడితో నేను తెలుగు తప్ప మాట్లాడను.

"లచ్చయ్య కోసం వచ్చిన."

"వాడు దొంగ. అయిదింటికి కరెంటు, ఆరింటికి పోలీసు స్టేషన్‌లో నా ఫిర్యాదు. పేరు, ఫొటో, ఊరు, అన్నీ సిద్ధం."

దొంగ అని ఒకసారి కాగితం మీద పడితే ఆ తర్వాత పోలీసులు రైళ్లలో దొంగను వెతుకుతారు. తప్పిపోయిన మనిషిని ఎవ్వరూ వెతకరు.

"పోయిన కేబుల్ యాడ పెట్టింది?"

"ఈ మూల, మెట్ల కింద. వేయగా మిగిలిన లావు కేబుల్ చుట్టలు. ఆదివారం చూస్తే లేవు. లెక్క ప్రకారం పైన నాలుగు వరసలూ వేసేశారు."

"గంత బరువు ఒక్క మనిషి భుజాన వేసుకొని ఉరికిండా?"

"టెంపో పెట్టుకుని ఉంటాడు."

"గేటు దగ్గర నువ్వే ఉంటివి గదా. టెంపో కనవడలేదా?"

వాడు మెట్ల వైపు తిరిగి చూశాడు. అది చాలు నాకు. నడుస్తూ పైకి చూడటం మొదలుపెట్టాను.

ధారావిలో ట్రేలు తయారుచేసే కార్ఖానాలో నాలుగేళ్లు సరుకు తనిఖీ చేశాను. ఇనుప రేకును గుద్ది రంధ్రాలు చేసే యంత్రం చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కాబట్టి ఈ బేస్‌మెంట్ కప్పు నాకు తెలిసిన ఇల్లే. మెట్ల దగ్గర కెమెరాల, ఇంటర్నెట్టు తీగలు సన్న కమ్మీలతో అల్లిన జాలీ ట్రేలో పోతున్నాయి. జాలీలో ఏ తీగనైనా ఎక్కడికక్కడ బయటికి తీసుకోవచ్చు. లోపల ఏముందో కింద నుంచి గుడ్డివాడికి తప్ప అందరికీ కనిపిస్తుంది. దాని పక్కన లైట్లకూ ఫ్యాన్లకూ పోయే మధ్యరకం తీగలు, అడుగంతా రంధ్రాలున్న ట్రేలో. రంధ్రాల్లోంచి గాలి ఆడుతుంది, తీగను కట్టుకోవడానికీ అవే పనికొస్తాయి. అందులోంచి ఒకటి రెండు తీగలు గోడ మీది పెట్టెకు దిగేచోట, అరచేతి వెడల్పు చానెల్. అన్నీ సరిగ్గా ఉన్నాయి. లచ్చయ్య చేయి తిరిగిన పనివాడు.

అసలు లావు కేబుళ్లు నిచ్చెన ట్రే మీద పోవాలి. రెండు పట్టీలు, మధ్యలో మెట్లు. బరువు మోస్తుంది, వేడిని వదిలేస్తుంది, కేబుల్ జారకుండా మెట్టుకు కట్టేయొచ్చు. ఇక్కడా నిచ్చెన ట్రేతోనే మొదలైంది. కానీ కారిడార్ మలుపు తిరగగానే నిచ్చెన ఆగిపోయి, అడుగు మూసి, పైన మూత వేసిన ట్రే మొదలైంది. చివరి గోడ దాకా అదే.

"ఇది ఎవరు పెట్టిన్రు?"

"ఆదివారం వచ్చాయి ఆ ట్రేలు. పనివాళ్లు రాత్రికిరాత్రి బిగించారు. దుమ్ము పడకుండా మంచిదే కదా?"

"దుమ్ము పడొద్దన్నా, ఎలుకలు కొరకొద్దన్నా, చిన్న తీగలకు మూత మంచిదే. లావు కేబుల్‌కు మూతేస్తే లోపల ఉడికిపోతది. రేపు ఈ టవర్‌లకు వచ్చేది మన చాళ్ల జనమే స్వప్నిల్. నీ నాయనమ్మకు గూడ ఇందులనే ఖోలీ వస్తది."

"భాషణం వద్దు. బయటికి నడవండి."

నేను నడవలేదు. పక్కనున్న ఇనుప బల్ల లాక్కుని ఎక్కి, వేలి కణుపుతో ట్రే మీద కొట్టాను. లావు కేబుల్ నిండిన ట్రే దబ్‌మని మూలుగుతుంది. ఇది ఖాళీ డబ్బాలా మోగింది. నాలుగు వరసల బరువుకు, కప్పు నుంచి దిగిన రెండు ఊచల మధ్య ట్రే కొంచెమైనా కుంగాలి. ఇది పెళ్లిపందిరి అడ్డవాసంలా తిన్నగా ఉంది. తక్కువ కేబుల్ వేసి, అది కనబడకుండా నిచ్చెన విప్పేసి మూత ట్రే పెట్టారు. దొంగతనం బయటివాడిది కాదు. ట్రేలు మార్పించగల స్థాయి ఉన్నవాడిది.

"ఇది కూడా లచ్చయ్య పనే అయ్యుండొచ్చు," అన్నాడు స్వప్నిల్, కానీ గొంతులో మునుపటి బిగువు లేదు.

"శనివారం పోయినోడు ఆదివారం వచ్చిన ట్రేలు బిగిచ్చిండా?"

టార్చి లాక్కుని మూత వెంట వెలుగు జరిపాను. చివరి గోడకు దగ్గరగా, ట్రే చుట్టూ కట్టి ఉంది కంకణం. పసుపు రాసిన తెల్లదారం, మధ్యలో ఎండిన పసుపుకొమ్ము.

మల్లమ్మ చెప్పిన మాట ప్రకారం అది నిచ్చెన మెట్టుకు ఉండాలి. లచ్చయ్య మాయమయ్యాక వచ్చిన ట్రేకు అది ఎలా చేరింది?

"ఇదేంటి, దిష్టికి కట్టారా?" స్వప్నిల్ మెడ సాచి చూశాడు. వాడి మొహంలో నటన లేదు. నిజంగానే తెలియదు వాడికి.

"దీని సంగతి నీకు ఎర్కుంటే నిన్నే పట్టుకుందును," అన్నాను. "నిచ్చెన విప్పినప్పుడు ఇది చేతికొచ్చింది. ఎర్కలేనోడైతే చెత్తల పారేస్తడు. ఎర్కున్నోడు పారేయలేడు, భయం. కట్టినోడు బతికుండంగ తెంపితే ఇల్లు ఆరిపోతదని భయం. గందుకే తెచ్చి కొత్త ట్రేకు కట్టిండు."

కట్టినవాడు బతికుండగా. నా మాట నాకే తగిలి ఆగిపోయాను. లచ్చయ్య చచ్చిపోతే ఈ పసుపుకొమ్ము సముద్రంలో ఉండేది. ఇక్కడ ఉందంటే, ట్రే మార్చిన రోజుకు లచ్చయ్య ప్రాణాలతో ఉన్నాడు. ఆ సంగతి ట్రే మార్చినవాడికి తెలుసు.

ముడి దగ్గరికి మొహం పెట్టాను. సన్నటి నిచ్చెన మెట్టుకు సరిపోయిన దారం వెడల్పాటి ట్రే చుట్టూ చాలలేదు. ఒక జానెడు తక్కువ పడింది. ఆ జానెడు మేర వేరే దారం కలిపి ముడేశారు. ఎర్ర-పసుపు దారం. చెమటకు రంగు వెలిసి, చాలా ఏళ్లు ఎవరి ఒంటి మీదో ఉన్న దారం.

తెల్లటి పట్టీ ఉన్న ఆ మణికట్టు నా కళ్ల ముందుకు వచ్చి నిలబడింది. చిన్నప్పుడు పీర్ల పండుగ జనంలో తప్పిపోతే నన్ను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చింది ఆ చేయే. మోకాళ్లకు మెట్లు పడవన్నాడు. శనివారం తర్వాత కాలు పెట్టలేదన్నాడు.

"మేడమ్, చీమలు," అన్నాడు స్వప్నిల్.

మూత అంచు వెంట నల్లచీమలు బారుగా పోతున్నాయి. తుప్పు లేని ఇనుము మీద, సిమెంటు వాసన తప్ప మరేమీ లేని చోట, చీమలు. అవి పోయే దిక్కు చివరి గోడ వైపు. ట్రే ఆ గోడలోకి దూరి అవతలికి పోతోంది. గోడకు ఇంకా గిలాబు పూత లేదు. ఇటుకల మధ్య సిమెంటు పచ్చిగా, ముదురు రంగులో ఉంది.

"ఈ గోడ అవుతల ఏముంది?"

"పాత చాల్ నీళ్ల ట్యాంకు గది. పనికిరాదని మూసేశారు. సోమవారం కట్టారు."

నేను జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాను. స్వప్నిల్ నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. "దాని మీద చేయి పడితే కేసు మీ మీద. బిల్డర్ ఆస్తి ఇది."

"ఇడిసిపెట్టు. కేసు రేపు పెట్టుకో. ఇయాల అయిదింటికి ఈ తలుపుకు తాళం పడ్డదంటే అవుతలున్న మనిషికి దిక్కు లేదు."

"అవతల మనిషా? పిచ్చా మీకు?"

"ఒక్క మూత ఇప్పుత. లోపల కేబుల్ తప్ప ఏం లేకుంటే నేనే నీ ఎంబడి స్టేషన్‌కొస్త."

వాడు నా మొహంలోకి చూశాడు. తర్వాత చేయి వదిలి, నా దగ్గరి టార్చి తీసుకుని పైకెత్తి పట్టుకున్నాడు.

గోడ దగ్గరి మూత మరలు వదులుగానే ఉన్నాయి. వేలితో తిప్పితేనే తిరిగాయి. ఎవరో వీటిని మళ్లీ మళ్లీ తీసి పెడుతున్నారు. మూత ఎత్తాను. లోపల ఒక్కటే నల్ల కేబుల్, ఒక వారగా. మిగతా వెడల్పంతా ఖాళీ. ఆ ఖాళీలో ఒక పొడుగాటి ప్లాస్టిక్ పైపు ముక్క. దాని కొనకు, ట్రే అడుగున, గోడ కన్నం దాకా తెల్లటి పొడి, ముక్కలు. వాటి మీదే చీమలు ముసిరాయి.

ఒక ముక్క తీసి వాసన చూశాను. జొన్నరొట్టె.

మెస్సులో చపాతీ నలుపుతూ కూర్చున్న మనిషి జొన్నరొట్టెల పొట్లం ఎవరి కోసం కట్టించుకున్నాడు? నిచ్చెన మీదైతే రొట్టె మెట్ల సందున కింద పడేది. జాలీలోనైతే దారిన పోయేవాడికి కనబడేది. అడుగు మూసి, మూత వేసిన ఈ ట్రే ఒక్కటే, పైపుతో నెట్టితే, రొట్టెను ఎవరి కంటా పడకుండా గోడ దాటిస్తుంది. కేబుల్ లేదని దాచడానికి పెట్టిన ట్రే, మనిషి ఉన్నాడని దాచడానికీ పనికొచ్చింది. చంపడానికి చేతులు రాలేదు ఆ పెద్దమనిషికి. వదలడానికీ రాలేదు.

స్క్రూడ్రైవర్ పిడితో ట్రే మీద మూడుసార్లు కొట్టాను. ఇనుము వెంట చప్పుడు గోడలోకి పోయింది.

ఏమీ లేదు. స్వప్నిల్ చెవి గోడకు ఆనించాడు.

ఠక్. ఠక్. ఠక్.

అవతలి నుంచి. బలం లేని దెబ్బలు. స్వప్నిల్ టార్చి వెలుగును ట్రే మీది నుంచి గోడ మీదికి తిప్పాడు.

"అక్కా," అన్నాడు. నాకు తెలిసి పదేళ్లలో వాడు మాట్లాడిన మొదటి తెలుగు మాట. "లోపట ఎవలున్నరక్కా?"

నేను ట్రే నోట్లో తలపెట్టి పిలిచాను. "లచ్చయ్యా! నేను మనాలిని. మల్లమ్మ పంపింది. బతికున్నవా?"

మూసిన ఇనుములోంచి గొంతు గొట్టంలోంచి వచ్చినట్టు వచ్చింది. ఎండిపోయిన గొంతు.

"అక్కా... మత్తుమందు తాపి ఈడ పడేసిండు. కేబుల్ సంగతి ఎవ్వలికీ చెప్పనని ఒట్టు వెయ్యమంటడు. నేను వెయ్యలే."

"భయపడకు. గోడ పగలగొడ్తం. ఇప్పుడే."

"నా సంగతి గాదక్కా. మల్లమ్మ యాడుంది?" గొంతులో ఏడుపు మొదలైంది. "నేను ఒట్టు వెయ్యకుంటే ఇయాల రొట్టె తెచ్చేటప్పుడు మల్లమ్మను గూడ తోల్కొస్తనన్నడు. ఆమెను రానియ్యకక్కా. నీ కాళ్లు మొక్కుత, రానియ్యకు."

నా చేతిలోంచి మూత జారి నేల మీద పడింది. ఒంటిగంటకు ఆమెను నేనే ఆయన వెంట పంపాను. నా ఇంటి ఆడబిడ్డ లెక్కనే అన్నాడు. నేను తలూపాను.

స్వప్నిల్ అప్పటికే గోడ మూలనున్న గడ్డపార కోసం వెతుకుతున్నాడు. నేను ఫోను తీశాను. బేస్‌మెంట్‌లో సిగ్నల్ ఒక గీత ఉంది, పోతోంది, వస్తోంది. మల్లమ్మ నంబరు నొక్కి చెవికి ఆనించుకున్నాను. తియ్యి తల్లీ. ఎక్కడున్నా సరే, అక్కడే ఆగు.

కోడి కూసింది.

ఫోనులో కాదు. మలుపు అవతల, బేస్‌మెంట్ మెట్ల మీద. స్వప్నిల్ గడ్డపార పట్టుకుని ఉన్నచోటే బిగుసుకుపోయాడు. నేను వాడి చేతిలోని టార్చి ఆర్పేశాను. చీకట్లో, మెట్లు దిగుతున్న రెండు జతల చెప్పుల చప్పుడు, దాని వెంట నాకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన ఆప్యాయమైన గొంతు.

"పైలం బిడ్డా, మెట్లు జారతయ్. ఇంకో నాలుగడుగులే. నీ మొగణ్ని సూపెడ్త."

కోడి మళ్లీ కూసింది. తర్వాత మల్లమ్మ గొంతు, ఎంతో ఆశగా.

"మనాలక్క ఫోను జేస్తుంది మామా. వర్లిల ఏమన్న తెలిసిందేమో. ఎత్తమంటవా?"

బాలనర్సయ్య మామ చెప్పుల చప్పుడు ఆగిపోయింది.